పిండసంచి కనిపించింది, చోటు చూడలేదు

గర్భసంచి బయట గర్భం అనగానే మా డాక్టర్ల మనసు నేరుగా ట్యూబు దగ్గరికి పోతుంది. అలా పోవడంలో తప్పు లేదు. అటువంటి గర్భాల్లో నూటికి తొంభైకి పైగా అండవాహికలోనే నాటుకుంటాయి. అక్కడ వెతకడం పీజీ చదివే రోజుల్లోనే కంటికి, చేతికి అలవాటవుతుంది. నన్ను ఇప్పటికీ రాత్రిళ్లు లేపి కూర్చోబెట్టే కేసులు మాత్రం మిగిలిన ఆ కొద్దిపాటి వాటిలోంచి వచ్చాయి. ఒకటి పాత సిజేరియన్ కుట్టులో నాటుకున్నది. ఒకటి ట్యూబు గర్భసంచి కండలోకి దూరే మూలలో పెరిగినది. మరొకటి లోపల ఒక గర్భం, బయట ఒక గర్భం కలిసి వచ్చినది. వీటిలో ఏదీ స్కానింగ్‌కు అందకుండా దాక్కోలేదు. మూడుసార్లూ పిండసంచి తెర మీద కనిపించింది. కనిపించింది కదా అన్న నిశ్చింతలో, అది సరిగ్గా ఎక్కడ కూర్చుందో నేను వెతకలేదు.

ఇదంతా రాస్తున్నది కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ల కోసం, ఇంట్లో నెల తప్పిన ఆడపిల్ల ఉన్నవాళ్ల కోసం కూడా.

ముందుగా కుట్టు గర్భం సంగతి. పుస్తకాల్లో దీన్ని అరుదైన వాటి జాబితాలో పెడతారు. దీన్ని మొదట వైద్య పత్రికకెక్కించింది 1978లో, దక్షిణాఫ్రికాలో. సుమారు రెండు వేల గర్భాల్లో ఒకటి అని ఇప్పుడు చెప్పే లెక్క. మన దగ్గరి పరిస్థితి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జరిగే కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఇన్ని గర్భసంచుల మీద గాటు పెట్టిన మేము, ఆ గాటులో మళ్లీ గర్భం నాటుకుంటే గుర్తుపట్టడం కూడా నేర్చుకుని ఉండాలి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది ఇరవై ఆరేళ్ల అమ్మాయి.

ముందు రెండు కాన్పులూ పెద్దాపరేషన్లే. ఈసారి నెల తప్పి ఏడు వారాలైంది. అత్తమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

"మేడం, నిన్నటి సంది కొంచెం కొంచెం ఎర్రగ కనపడ్తంది. నొప్పైతే ఏం లేదు," అంది.

నొప్పి లేని రక్తస్రావం, రెండు సిజేరియన్లు. ఆ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు, అనుమానం రావాలి. నాకు రాలేదు. ఆమె చేతిలో బయట తీయించిన స్కానింగ్ రిపోర్టు ఉంది. గర్భసంచి కింది భాగంలో పిండసంచి ఉందని, గుండె చప్పుడు లేదని, గర్భస్రావం అవుతోందని అందులో రాసి ఉంది. చదివాను, నమ్మాను. పక్క గదిలో నా సొంత స్కానింగ్ మిషన్ ఉంది. ఆ రిపోర్టు వెనక అతికించిన ప్రింట్లు ఉన్నాయి. మిషన్ దగ్గరికి తీసుకెళ్లలేదు, ప్రింట్లు తిప్పి చూడలేదు. "పోయే గర్భమే అమ్మా, కొంచెం క్లీన్ చేస్తే సరిపోతుంది," అని చెప్పి థియేటర్ సిద్ధం చేయించాను.

క్యూరెట్ లోపలికి పెట్టి రెండుసార్లు గీశానో లేదో, రక్తం ధార కట్టింది. మామూలు గర్భస్రావంలో ముక్కలు, గడ్డలు వచ్చి తర్వాత తగ్గుతుంది. ఇది ఎర్రగా, పలచగా, ఆగకుండా టేబుల్ అంచు మీంచి కింద బకెట్లో పడుతోంది. ఆక్సిటోసిన్ ఇచ్చాం, మిథర్జిన్ ఇచ్చాం, మిసోప్రోస్టాల్ పెట్టాం. ఏదీ పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుసు. ఆ మందులు గర్భసంచి కండను బిగించి రక్తనాళాలను మూయిస్తాయి. పాత కుట్టు ఉన్న చోట బిగుసుకోవడానికి కండే లేదు, ఉన్నది పలచని మచ్చ. మత్తు డాక్టరు గారు "మేడం, బీపీ అందట్లేదు" అన్నారు. ఫోలీ క్యాథెటర్ లోపలికి పంపి బెలూన్ నింపాను. కాసేపు నిలిచింది, పక్కల నుంచి మళ్లీ మొదలైంది. పొట్ట తెరిచాను. గర్భసంచి ముందుగోడ మీద, మూత్రాశయం అతుక్కున్న చోట, నిమ్మకాయంత ఊదారంగు ఉబ్బు. పైన ఒక పొర మాత్రమే ఉంది. అది కూడా చిట్లిపోతూ ఉంది. ఆ రాత్రి ఆమె ప్రాణం నిలిచింది, గర్భసంచి నిలవలేదు.

మర్నాడు ఆ రిపోర్టు తీసి ప్రింట్లు చూశాను. అంతా అందులోనే ఉంది. పైన గర్భసంచి లోపలి గది ఖాళీ. కింద ముఖద్వారం కాలువ ఖాళీ, మూసుకునే ఉంది. రెంటికీ మధ్యన, ముందు వైపు, పాత కుట్టు గాడిలో ఇరుక్కున్న పిండసంచి. దానికీ మూత్రాశయానికీ నడుమ దారమంత తెల్ల గీత. కుట్టు గర్భానికి పుస్తకాలు రాసే గుర్తులు ఒక్కటీ తప్పిపోలేదు.

ఆమెకు, ఆమె భర్తకు, అత్తమ్మకు ఆ ప్రింటు చూపించి చెప్పాను: ఇక్కడ కనిపిస్తోంది, ఇది ముందే నేను చూడాల్సింది, చూడలేదు, చూసి ఉంటే ఇంత దూరం రాకుండా చేసే దారులున్నాయి. అలా చెప్పడం ఆసుపత్రికి మంచిది కాదని తోటివాళ్లు వారించారు. నాకు వేరే మాట రాలేదు. అత్తమ్మ "ఇద్దరు పిల్లలున్నరు గద మేడం, పాణం దక్కింది" అంది. ఆ అమ్మాయి మాత్రం "ఇగ ముట్టు రాదా మేడం?" అని అడిగింది. రాదని, అండాశయాలు రెండూ ఉంచాం కాబట్టి ఒంట్లో హార్మోన్లకు లోటుండదని చెప్పాను. తలూపింది. ఇంకో బిడ్డ కావాలని అనుకుందో లేదో నేను అడగలేదు. ఆ ప్రశ్న ఆమె తనకుతాను వేసుకునే హక్కునే నేను తీసేశాను.

పోతున్న గర్భం కిందికి జారుతూ కుట్టు దగ్గర కనిపించడం కూడా మామూలే. అందుకే ఈ రెండూ కలగలిసిపోతాయి. తేడా పట్టుకోవడానికి మిషన్ ఖరీదైనది కానక్కర్లేదు, నిలబడి చూసే ఓపిక కావాలి. లోపలి స్కానింగ్ ప్రోబ్‌తో మెల్లగా ఒత్తితే జారిపోతున్న పిండసంచి కదులుతుంది, ఆకారం సొట్టలు పడి ఉంటుంది, చుట్టూ రక్తప్రసరణ ఉండదు. కుట్టులో నాటుకున్నది కదలదు, గాడి ఆకారంలోనే ఒదిగి ఉంటుంది, డాప్లర్ పెడితే చుట్టూ రంగులు వెలుగుతాయి. మూత్రాశయం కొంచెం నిండి ఉన్నప్పుడు చూస్తే ముందుగోడ మందం బాగా తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం చూసే సమయం. ఆరు ఏడు వారాల్లో ఇది స్పష్టంగా పట్టుబడుతుంది. ఆ తర్వాత పిండసంచి పెరుగుతూ పైన ఉన్న ఖాళీలోకి సాగుతుంది. అప్పుడు చూసినవాళ్లకు మామూలు గర్భంలాగే కనిపిస్తుంది. మాయ మాత్రం కుట్టులోనే వేళ్లు పాతుకుని ఉంటుంది. నెలలు నిండే వేళకు అది మూత్రాశయం దాకా చొచ్చుకుపోయిన కేసుగా మా ముందుకొస్తుంది.

పట్టుకున్నాక ఏం చేయాలన్నదానికి ఒకే దారి లేదు. చేయకూడనివి మాత్రం తెలుసు. క్యూరెట్‌తో గుడ్డిగా గీకడం పనికిరాదు. అమెరికాలోని తల్లీ పిండాల వైద్య సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లో, ఊరికే చూస్తూ కూర్చోవద్దని, గర్భం ఎదుగుదలను ఆపడానికి కండకిచ్చే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పారు. స్కానింగ్‌లో చూస్తూ సక్షన్‌తో తీయడం, పిండసంచిలోకే నేరుగా మందు ఎక్కించడం, లాప్రోస్కోపీలో ఆ మచ్చను కోసి తీసేసి మళ్లీ కుట్టడం వంటివి గర్భం వయసును బట్టి, గోడ మందాన్ని బట్టి ఎంచుకోవాలి. ఏది చేసినా రక్తం సిద్ధంగా ఉండాలి, బెలూన్ చేతికందే చోట ఉండాలి, ఈ పని అలవాటున్న చోటుకు ముందే పంపాలి. థియేటర్‌లో ధార మొదలయ్యాక పంపడం పంపడం కాదు. గర్భసంచి ముఖద్వారంలోనే నాటుకునే గర్భానికీ ఇదే వర్తిస్తుంది. అక్కడా కండ తక్కువ, అక్కడా గీకితే ఆగదు.

రెండో కేసులో నా తప్పు ఒక లెక్క మీద ఆధారపడింది. ఆమెకు అంతకు ముందు కుడి ట్యూబులో గర్భం వచ్చి పగిలితే ట్యూబు తీసేశారు. మళ్లీ నెల తప్పింది. స్కానింగ్‌లో పిండసంచి గర్భసంచి కుడి మూలన, పైన కనిపించింది. కుడి ట్యూబే లేదు కాబట్టి కుడి వైపు బయటి గర్భం ఉండదు, ఇది లోపలిదే, కొంచెం పక్కకు నాటుకుంది, పెరుగుతూ మధ్యకు వస్తుంది అనుకున్నాను. తీసేసింది బయటి ట్యూబు మాత్రమే. గర్భసంచి కండలో దూరి ఉండే ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్క అక్కడే ఉంటుంది. ఆ వైపు ట్యూబు తీసేసినవాళ్లలో ఆ ముక్కలో గర్భం వచ్చే ప్రమాదం ఎక్కువ కూడా. నా లెక్క సరిగ్గా తలకిందులు.

కండలోపలి ఈ గర్భం మామూలు ట్యూబు గర్భంలా తొందరగా బయటపడదు. చుట్టూ కండ ఉంటుంది కాబట్టి సాగుతుంది, నొప్పి తెలియనివ్వదు. సాగి సాగి పగిలినప్పుడు గర్భసంచి రక్తనాళాలూ అండాశయపు రక్తనాళాలూ కలిసేది అక్కడే కాబట్టి నిమిషాల్లో మనిషి తెల్లబడిపోతుంది. గుర్తులు చెప్పుకోవడం కష్టం కాదు. లోపలి గది ఖాళీగా ఉంటుంది. పిండసంచి ఆ గది అంచుకు సెంటీమీటరుకు పైగా దూరంలో ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కండ పొర ఐదు మిల్లీమీటర్ల కన్నా పలచన. లోపలి పొర నుంచి పిండసంచి దాకా ఒక తెల్ల గీత వెళ్తుంది. అడ్డంగా ఒక కోత, నిలువుగా ఒక కోత చూసి వదిలేస్తే ఇవి దొరకవు. పైభాగాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా తిప్పి చూడాలి.

నా సహోద్యోగి ఒకరు మళ్లీ స్కానింగ్ చేసి పట్టుకున్నారు. గుండె చప్పుడు లేదు, ఆమె నిలకడగా ఉంది, రక్తంలో గర్భం హార్మోను హెచ్‌సీజీ ఐదు వేల లోపే ఉంది. మెథోట్రెక్సేట్ ఇచ్చాం, ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాముల లెక్కన. నాలుగో రోజు హెచ్‌సీజీ పెరగడం మామూలే, చూడాల్సింది నాలుగో రోజు నుంచి ఏడో రోజుకు కనీసం 15 శాతం తగ్గిందా అని. తగ్గింది. "మందు పనిచేస్తోందమ్మా, ఇక భయం లేదు," అన్నాను. ఊరికి పంపాను.

అలా అనకూడదు. హెచ్‌సీజీ తగ్గుతూ ఉండగా కూడా పగలొచ్చు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు చెప్పలేదు. కొన్నాళ్లకు ఒక రాత్రి కడుపులో పట్టేసినట్టయింది, కుడి భుజం పీకింది. గ్యాస్ అనుకుని గోళీ వేసుకుని పడుకుంది. కడుపులో కారిన రక్తం పొట్టకూ ఛాతీకీ మధ్యన ఉండే పొరను ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ఆ ఒక్క లక్షణం ఆమెకు చెప్పి ఉంటే రాత్రే 108కి ఫోన్ చేసేది. తెల్లారి సొమ్మసిల్లితే తీసుకొచ్చారు. మూల కోసి కుట్టాం. బతికింది. ఇంకో సంగతి తర్వాత తెలిసింది: ఊళ్లో ఇచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ గోళీలు ఇంజెక్షన్ తర్వాత కూడా శ్రద్ధగా వేసుకుంటూనే ఉంది. గర్భిణి వేసుకోవాల్సిన మందే అది, కానీ ఫోలిక్ యాసిడ్ మెథోట్రెక్సేట్ పనిని దెబ్బతీస్తుంది. ఆపమని చెప్పాల్సింది నేను.

ఇప్పుడు ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వాళ్ల ఇంట్లో ఫోన్ ఎత్తే మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడతాను. భుజం నొప్పి, కళ్లు తిరగడం, మలవిసర్జనకు వస్తున్నట్టు కిందికి ఒత్తడం, వీటిలో ఏది వచ్చినా పొద్దున దాకా ఆగొద్దు అని. రాత్రిపూట బండి దొరకని ఊరైతే హెచ్‌సీజీ పూర్తిగా దిగేదాకా పట్నంలో చుట్టాలింట ఉండమంటాను. మందు ఎంపికలో దూరం కూడా ఒక లెక్కే. ఏ మార్గదర్శకంలోనూ మా పల్లె రోడ్ల సంగతి ఉండదు.

లోపలొకటి, బయటొకటి వచ్చిన కేసు గురించి ఎక్కువ చెప్పను. అండాలు పెరగడానికి మందులు వాడిన అమ్మాయి. లోపల పిండం, గుండె చప్పుడు చక్కగా. కుటుంబమంతా సంతోషంగా ఉంటే నేనూ సంతోషపడి ప్రోబ్ తీసేశాను. అండాశయాల వైపు తిప్పలేదు. తర్వాత నొప్పితో వస్తే అండం విడుదలైన చోటి తిత్తి అనుకున్నాను. సహజంగా వచ్చే గర్భాల్లో ఈ జంట ముప్పై వేలకు ఒకటి అని పాత లెక్క. సంతానం కోసం చికిత్స తీసుకున్నవాళ్లలో, ముఖ్యంగా ఐవీఎఫ్ తర్వాత, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. హెచ్‌సీజీ ఇక్కడ దారి చూపదు, లోపలి గర్భం దాన్ని సక్రమంగానే పెంచుతుంటుంది. మెథోట్రెక్సేట్ ఇవ్వడానికి వీల్లేదు, లోపలి బిడ్డకు హాని. లాప్రోస్కోపీలో ట్యూబు తీసేశాం. లోపలి బిడ్డ నిలిచింది, నెలలు నిండి పుట్టింది. మంచి ముగింపు దక్కింది కాబట్టి ఈ తప్పును మర్చిపోవడం తేలిక. అందుకే మర్చిపోకుండా ఉండాలని ఇక్కడ రాశాను.

మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా దొరికే గర్భస్రావం కిట్టు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. కుట్టులోనైనా, ట్యూబులోనైనా, ఎక్కడ గర్భం ఉన్నా ఆ గోళీలు మింగితే గర్భసంచి లోపలి పొర రాలి రక్తం కనిపించవచ్చు. ఆమె పని అయిపోయిందనుకుంటుంది. బయటి గర్భం మాత్రం అలాగే పెరుగుతుంటుంది. గోళీలు వేసుకున్నాక తల తిరుగుతోందని వచ్చేవాళ్లను "రక్తం ఎక్కువ పోయి ఉంటుంది, ఐరన్ ఇవ్వండి" అని పంపిన రోజులు నాకున్నాయి. ఇంకొక రకం ఉంది. గర్భసంచి సగమే ఏర్పడి, పక్కన మూసుకుపోయిన చిన్న కొమ్ములో గర్భం నిలుస్తుంది. ఎన్నిసార్లు గోళీలు పెట్టినా ఆ గర్భం బయటికి రాదు, వచ్చే దారే లేదు. నాలుగో నెలలోనో ఐదో నెలలోనో ఆ కొమ్ము పగులుతుంది. గోళీలు పనిచేయలేదంటే ఇంకో డోసు రాసే ముందు, ముఖద్వారం కాలువ నుంచి పిండసంచి దాకా దారి ఉందా అని స్కానింగ్‌లో వెంట నడిచి చూడాలి. అలాంటి వాళ్లలో ఒక పక్క కిడ్నీ లేకపోవడం తరచూ ఉంటుంది కాబట్టి ప్రోబ్‌ను కిడ్నీల మీదికి కూడా తిప్పితే మంచిది.

ఇప్పుడు స్కానింగ్‌కు రాసే చీటీలో "గర్భం ఉందా" అని రాయడం మానేశాను. పిండసంచి చుట్టూ అన్ని వైపులా కండ ఎంత మందం ఉంది, పాత కుట్టుకు ఎంత దూరం, ముఖద్వారం నుంచి పిండసంచి దాకా దారి కనిపిస్తోందా, రెండు అండాశయాల పక్కన ఏమైనా ఉందా అని అడుగుతాను. ఊళ్లో ఒక సీనియర్ రేడియాలజిస్టు గారు మొదట్లో నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆయనే అనుమానం వస్తే పేషెంటు బల్ల మీద ఉండగానే ఫోన్ చేస్తున్నారు. సిజేరియన్ చేసిన ప్రతి తల్లికీ డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఒక మాట రాస్తున్నాం: మళ్లీ నెల తప్పితే ఆరు, ఏడు వారాల మధ్య లోపలి స్కానింగ్ చేయించుకోండి, ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి.

లోపలి స్కానింగ్ అనగానే చాలామంది వెనకాడతారు. కడుపు పోతుందని అత్తమ్మలు భయపడతారు, భర్తలు వద్దంటారు. దానివల్ల గర్భం పోదు. ప్రోబ్ చివర వేలంత మందం ఉంటుంది, ముఖద్వారం బయటే ఆగుతుంది, లోపలికి వెళ్లదు. ఈ మాట చెప్పి, ప్రోబ్ చేతికిచ్చి చూపించి, మగవాళ్లను బయట కూర్చోమని, ఆమె సరేనన్నాకే మొదలుపెడతాను. ఓపీలో ఎంత జనం ఉన్నా దీనికి పట్టే సమయం నేను తగ్గించుకోను.